మణుగూరు భారజలం మందుల దాకా వచ్చిన దారి

చేతులూ కాళ్లూ మనిషి అదుపు తప్పి కదిలిపోయే హంటింగ్టన్ వ్యాధికి వాడే ఒక మాత్ర, సోరియాసిస్‌కు వాడే మరో మాత్ర, కొత్త తరం టీవీ తెర. ఈ మూడింటిలోనూ ఇప్పుడు డ్యుటీరియం అనే భార హైడ్రోజన్ ఉంటోంది. డ్యుటీరియానికి మూల పదార్థం భారజలం, అంటే మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న నీరు. దేశంలో భారజలాన్ని తయారుచేసే పెద్ద కర్మాగారాల్లో ఒకటి మణుగూరు దగ్గర, గోదావరి తీరంలోని అశ్వాపురంలో ఉంది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం వరంగల్ జిల్లాలోదే. అయినా వరంగల్‌లో ఎవరిని అడిగినా అది అణు విద్యుత్తుకు సంబంధించిన ప్లాంటు అనే చెబుతారు. అది నిజమే కానీ, ఈ పదేళ్లలో జరిగిన మార్పును చూస్తే ఆ ఒక్క మాట చాలదు.

డ్యుటీరియాన్ని 1931లో అమెరికా శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ కనుగొన్నాడు. 1934లో నోబెల్ వచ్చింది. మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒక ప్రోటాన్ మాత్రమే ఉంటుంది. డ్యుటీరియంలో దానికి తోడు ఒక న్యూట్రాన్ ఉంటుంది, కాబట్టి బరువు రెట్టింపు. ఇది రేడియోధార్మిక పదార్థం కాదు. అణు కేంద్రంలో వాడతారు కాబట్టి భయపడేవారు చాలామంది ఉన్నారు, అందుకే ఈ సంగతి ముందే చెప్పడం అవసరం. మనం తాగే నీటిలోనూ డ్యుటీరియం ఉంది. ప్రతి పది లక్షల హైడ్రోజన్ పరమాణువుల్లో సుమారు 150 ఈ రకానివే. కష్టమంతా దాన్ని విడదీయడంలోనే ఉంది.

మన దేశంలో మొదటి భారజల కర్మాగారం 1962లో పంజాబ్‌లోని నంగల్‌లో మొదలైంది. సహజ యురేనియంతో నడిచే రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించడానికి భారజలం కావాలి. 1974లో పోఖ్రాన్ అణు పరీక్ష జరగగానే, రియాక్టర్ల విషయంలో మనకు ఇస్తున్న సహకారాన్ని కెనడా ఆపేసింది. రాజస్థాన్‌లో కట్టుకున్న రెండో రియాక్టరుకు భారజలాన్ని సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. ఇకముందు మన భారజలాన్ని మనమే తయారుచేసుకోక తప్పదని ఆ అనుభవం గట్టిగా నేర్పింది. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో డ్యుటీరియాన్ని విడదీసే పద్ధతిని మన శాస్త్రవేత్తలు సొంతంగా అభివృద్ధి చేసి, 1985లో రాజస్థాన్‌లోని కోటాలో అమలులో పెట్టారు. అదే పద్ధతిలో, ఇంకా పెద్ద స్థాయిలో, ఏటా 185 టన్నుల సామర్థ్యంతో 1991లో మణుగూరు ప్లాంటు వచ్చింది.

అశ్వాపురాన్నే ఎంచుకోవడానికి కారణాలు స్పష్టంగానే కనిపిస్తాయి. ఈ పద్ధతికి నీరు విపరీతంగా కావాలి, గోదావరి పక్కనే ఉంది. ఆవిరి కూడా చాలా కావాలి, మణుగూరులో సింగరేణి బొగ్గు ఉంది. ఎత్తయిన టవర్లలో నీరు పైనుంచి కిందికి దిగుతుంటే వాయువు కింది నుంచి పైకి వెళ్తుంది. సుమారు 30 డిగ్రీల దగ్గర డ్యుటీరియం నీటి వైపు మొగ్గుతుంది. 130 డిగ్రీల దగ్గర ఆ మొగ్గు తగ్గి, కొంత వాయువులోకి మారుతుంది. ఆ చిన్న తేడానే టవరు తర్వాత టవరులో వాడుకుంటూ పోతే గాఢత పెరుగుతుంది. చివర్లో తక్కువ పీడనంలో స్వేదనం చేసి 99 శాతం దాటిస్తారు. హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణాంతకమైన విషవాయువు. మోతాదు పెరిగితే ముక్కు దాని వాసననే పట్టలేదు. అలాంటి వాయువును టన్నుల కొద్దీ పెట్టుకుని మూడు దశాబ్దాలుగా పనిచేస్తున్న కార్మికులకూ, ఆ పక్కనే బతుకుతున్న పల్లెలకూ దక్కవలసిన గుర్తింపు దక్కలేదు.

ఇక మందుల సంగతి. మందు ఒంట్లోకి వెళ్లగానే కాలేయంలోని ఎంజైములు దాన్ని విరగ్గొట్టడం మొదలుపెడతాయి. చాలా సందర్భాల్లో అవి పట్టుకునేది కార్బన్-హైడ్రోజన్ బంధాన్నే. అక్కడ హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉంటే బంధం గట్టిపడుతుంది, తెగడానికి ఎక్కువ సమయం పడుతుంది. మందు ఆకారం మారదు, పనిచేసే తీరు మారదు, ఒంట్లో నిలిచే కాలం మాత్రం పెరుగుతుంది. 1961లోనే మార్ఫిన్‌లోని ఒక మిథైల్ సమూహంలో (ఒక కార్బన్‌కు మూడు హైడ్రోజన్లు అతికిన ముక్క) డ్యుటీరియం చేర్చి పరీక్షించారు. కానీ ఆ ఆలోచన మందుల దుకాణం దాకా రావడానికి యాభై ఏళ్లు దాటింది. 2017 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ డ్యూటెట్రాబెనజైన్‌కు అనుమతి ఇచ్చింది. డ్యుటీరియం చేర్చిన మందుల్లో ఆమోదం పొందిన మొదటిది అదే. పాత టెట్రాబెనజైన్ అణువులో రెండు మిథాక్సీ సమూహాల్లోని (ఆక్సిజన్‌కు అతికిన మిథైల్ ముక్కలు) ఆరు హైడ్రోజన్లను డ్యుటీరియంగా మార్చారు, అంతే. హంటింగ్టన్ రోగులు చాలామంది రోజుకు మూడుసార్లు వేసుకుంటున్న మందును రెండుసార్లకు తగ్గించుకోగలిగారు. మింగడమే కష్టమైన రోగికీ, ఆ మాత్ర వేసే ఇంటివాళ్లకూ ఇది చిన్న విషయం కాదు.

సోరియాసిస్‌కు 2022లో వచ్చిన డ్యూక్రావాసిటినిబ్ ఇంకో మెట్టు పైది. పాత మందును సవరించి దాన్ని చేయలేదు, మొదటినుంచీ డ్యుటీరియంతోనే రూపొందించారు. దానిలోని మిథైల్ సమూహం ఊడిపోతే మిగిలే పదార్థం అక్కరలేని ఎంజైములను కూడా అడ్డుకుంటుంది. డ్యుటీరియం ఆ ఊడిపోవడాన్ని నివారిస్తుంది. మందు ఎక్కువసేపు నిలవడం ఒక లాభమైతే, చెడు పదార్థంగా మారకుండా ఉండడం అంతకంటే పెద్ద లాభం.

సాంకేతిక రంగంలోనూ ఇదే సూత్రం. 1996లో ఇల్లినాయి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చిప్‌ల తయారీలో హైడ్రోజన్ బదులు డ్యుటీరియం వాడితే ట్రాన్సిస్టర్లు చాలా నిదానంగా అరుగుతాయని చూపించారు. కొత్త తరం టీవీల ఓఎల్ఈడీ తెరల్లోనూ, ఆప్టికల్ ఫైబర్ తయారీలోనూ డ్యుటీరియం వాడకం ఉంది. కెమిస్ట్రీ పరిశోధక విద్యార్థులు తమ పదార్థాన్ని, అణువు నిర్మాణాన్ని తెలిపే ఎన్ఎంఆర్ పరీక్షకు సిద్ధం చేసేటప్పుడు కరిగించేది డ్యుటీరియం ఉన్న ద్రావణిలోనే.

మణుగూరులోనే మొదలైన మరో పని నేరుగా క్యాన్సర్ రోగులకు చేరేది. నీటిలోని ఆక్సిజన్‌లో 0.2 శాతం ఆక్సిజన్-18 అనే బరువైన రకం. దాన్ని కూడా స్వేదనంతో వేరుచేస్తున్నారు. ఆ నీటిపై సైక్లోట్రాన్‌లో (కణాల వేగాన్ని పెంచే యంత్రం) ప్రోటాన్లను తాకిస్తే రేడియోధార్మికమైన ఫ్లోరిన్-18 వస్తుంది. క్యాన్సర్‌ను గుర్తించే పెట్ స్కాన్‌కు ముందు రోగికి ఎక్కించే చక్కెర లాంటి పదార్థంలో ఉండేది అదే. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 110 నిమిషాలే. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు రెండున్నర గంటల్లో తెచ్చినా అరవై శాతం దారిలోనే ఖర్చయిపోతుంది. అందువల్ల మూల పదార్థం మన తీరంలోనే తయారైనా, సైక్లోట్రాన్ దగ్గరలో ఉంటే తప్ప మన రోగికి ప్రయోజనం తక్కువ.

రియాక్టర్లకు భారజలం అవసరం తగ్గలేదు. 2017లో కేంద్రం ఒకేసారి పది కొత్త 700 మెగావాట్ల భారజల రియాక్టర్లకు ఆమోదం తెలిపింది. అయితే రియాక్టరుకు కావలసింది వందల టన్నులు, మందులకు కావలసింది కిలోల లెక్క. రెండింటికీ పోటీ లేదు. అసలు కొరత భారజలాన్ని మందుల తయారీకి పనికొచ్చే డ్యుటీరియం మిథనాల్‌గా, మిథైల్ అయోడైడ్‌గా మార్చి, అణువులో సరిగ్గా కావలసిన చోట చేర్చగల చేతులది. ఈ కర్మాగారాలను నడిపే హెవీ వాటర్ బోర్డు అణుయేతర వాడకాలను ప్రోత్సహిస్తోంది. మందుల పరిశ్రమ హైదరాబాద్‌లో ఉంది, రసాయన శాస్త్రం చదువుకున్న పిల్లలు కాకతీయ విశ్వవిద్యాలయంలోనూ వరంగల్ ఎన్ఐటీలోనూ ఉన్నారు. ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు) రసాయన శాస్త్రాన్ని ఈ రెండు చోట్లా ప్రత్యేక కోర్సుగా నేర్పి, విద్యార్థులను కొన్ని నెలలు అశ్వాపురంలో పనిచేయిస్తే ఆ చేతులు ఇక్కడే తయారవుతాయి.