తేలడం వేరు, నిటారుగా తేలడం వేరు

ఓడల స్థిరత్వం లెక్కలు చూడటం నా పని. ఉత్ప్లవనం, అంటే నీరు వస్తువును పైకి నెట్టడం గురించి చాలామంది గట్టిగా నమ్మే కొన్ని మాటలు, వాటి వెనకున్న అసలు సంగతి ఇవి.

అపోహ: తేలికైనవి తేలతాయి, బరువైనవి మునుగుతాయి.

వాస్తవం: బరువు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. వస్తువు ఎంత నీటిని పక్కకు తోసిందో, ఆ నీటి బరువుకు సమానమైన బలంతో నీరు దాన్ని పైకి నెడుతుంది. ఘనపు మీటరు ఉక్కు దాదాపు 7,850 కిలోలు, అంతే నీరు 1,000 కిలోలు. ముద్దగా వేస్తే ఉక్కు మునగక తప్పదు. అదే ఉక్కును పలకలుగా చేసి పెద్ద డొల్లగా కడితే, అది తన బరువుకు సరిపడా నీటిని తోసేసి తేలుతుంది. లోపలి గాలి ఓడను పైకి లాగుతుందనేది కూడా అపోహే. నీరు లోపలికి రాకుండా ఉంటే చాలు.

అపోహ: లోతుకు వెళ్లేకొద్దీ నీరు మరింత గట్టిగా పైకి నెడుతుంది.

వాస్తవం: పీడనం పెరిగేది నిజమే. కానీ పైకి నెట్టేది వస్తువు అడుగున, పైన ఉన్న పీడనాల తేడా. ఆకారం మారని వస్తువుకు ఆ తేడా దాదాపు మారదు. డైవర్ల విషయంలో కథ తిరగబడుతుంది. 10 మీటర్ల లోతులో పీడనం రెట్టింపై, సూట్‌లోని గాలి బుడగలు కుంచించుకుపోతాయి. తోసే నీరు తగ్గుతుంది, మనిషి ఇంకా కిందికి దిగుతాడు. అందుకే జాకెట్‌లోకి కాస్త గాలి వదులుతారు, పైకి వచ్చేటప్పుడు మళ్లీ తీసేస్తారు.

అపోహ: ఏ నీళ్లయినా ఒకటే.

వాస్తవం: సముద్రపు నీరు ఘనపు మీటరుకు దాదాపు 1,025 కిలోలు. సముద్రంలో 10 మీటర్లు మునిగి ఉన్న పెట్టె ఆకారపు బార్జి (సరుకు పడవ) నదిలోకి వస్తే మరో 25 సెంటీమీటర్లు దిగుతుంది. ఓడ ఎంతవరకు మునగవచ్చో చూపడానికి దాని పక్కన ఉండే లోడ్ లైన్ గీతల్లో మంచినీటికి వేరే గీత ఉండేది ఇందుకే.

అపోహ: బాగా తేలే ఓడ బోల్తా పడదు.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. బరువు గురుత్వ కేంద్రం దగ్గర కిందికి లాగుతుంది, నీరు మునిగిన భాగం మధ్య నుంచి పైకి నెడుతుంది. ఓడ ఒరిగితే మునిగిన భాగం ఆకారం మారి, ఆ నెట్టే చోటు ఒరిగిన వైపుకు జరుగుతుంది. అదే ఓడను తిరిగి నిలబెడుతుంది. బరువంతా పైన పేరిస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. 1628లో స్వీడన్ యుద్ధనౌక వాసా తొలి ప్రయాణంలోనే, రేవు దాటకముందే, గాలికి ఒరిగి మునిగింది.

లోపలికి చేరిన నీరు ఇంకా మోసకారి. వెడల్పాటి డెక్‌పై పలచగా పరుచుకున్న నీరు సైతం ఓడ ఎటు ఒరిగితే అటే పరుగెత్తి, దాన్ని ఇంకా ఒరిగేలా చేస్తుంది. 1987లో హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ముందు తలుపు తెరిచే బయలుదేరింది. వాహనాల డెక్‌లోకి నీరు చేరి నిమిషాల్లో బోల్తా పడింది, 193 మంది చనిపోయారు. నీరు ఇలా పక్కకు పరుగెత్తడం వల్ల కలిగే దుష్ప్రభావం వెడల్పు ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది (వెడల్పు సగమైతే ఎనిమిదో వంతే) కాబట్టి, ట్యాంకు మధ్యలో ఓడ పొడవునా ఒక్క గోడ కడితే రెండు సగాలూ కలిపి అది నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ గోడ వల్ల సరుకుకు చోటు తగ్గుతుందని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం.