పాలు ఎగబట్టే గేదె మొండిది కాదు: సహజాతంపై (పుట్టుకతో వచ్చే గుణంపై) అపోహలు, వాస్తవాలు

కోనసీమ లంకల్లో పశువైద్యం చేస్తున్న నాకు రోజూ వినపడే మాట: "దాని పుట్టుకే అంతండి." ఈ ఒక్క మాటతో పశువుకు చాలా అన్యాయం జరుగుతోంది.

అపోహ: దూడ పోయిన గేదె మొండికేసి పాలు ఎగబట్టేస్తుంది, అంటే ఇవ్వకుండా పొదుగులోనే ఆపేసుకుంటుంది.

వాస్తవం: చేపు, అంటే పాలు చన్నుల్లోకి దిగడం, గేదె చేతిలో లేదు. దూడ మూతితో పొదుగు కుమ్మితే మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. దాంతో పొదుగులోని పాలగదులు బిగుసుకుని పాలు చన్నుల్లోకి దిగుతాయి. గేదె పాలు దాదాపు అన్నీ ఆ పైగదుల్లోనే ఉంటాయి కాబట్టి, చేపకుండా ఎంత పిండినా రావు. బెదిరితే అడ్రినలిన్ అనే ఇంకో హార్మోన్ ఆ చేపునూ ఆపేస్తుంది.

ఆమధ్య ఒక పాకలోకి వెళ్లేసరికి రైతు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. దూడ చచ్చి నాలుగు రోజులైంది. "డాక్టరు గారూ, ఓ సూది వేసేయండి." వెయ్యనన్నాను. ఆక్సిటోసిన్ సూదులతో పాలు తీయడం పశువుకు చేటు, జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. కర్ర బయట పెట్టించి, రోజూ పిండే ఆవిడనే కూర్చోమన్నాను. ముందు తవుడు పెట్టి, గోరువెచ్చటి నీళ్లతో పొదుగు కడిగి, నెమ్మదిగా నిమిరింది. కాసేపటికి చన్నులు నిండుగా ఉబ్బాయి. తొలి ధార బకెట్ అడుగున చర్రుమంది. చేపడం గేదెకు పుట్టుకతో వచ్చింది. తవుడు బకెట్ చప్పుడుకీ, అలవాటైన చేతికీ చేపడం మాత్రం అది నేర్చుకున్నదే. దూడ లేకపోయినా ఆ నేర్పు మిగిలే ఉంటుంది.

అపోహ: తల్లి ఎవరో బాతుపిల్లకు పుట్టుకతోనే తెలుసు.

వాస్తవం: మన ఊళ్లలో బాతు గుడ్లను కోడి కింద పొదిగిస్తారు కదా. ఆ పిల్లలు కోడి వెనకే నడుస్తాయి. వెంటపడటం పుట్టుకతో వస్తుంది, ఎవరి వెంట అన్నది మొదటి ఒకటి రెండు రోజుల్లో కుదురుతుంది. పెద్దబాతు పిల్లల్ని తన వెంట తిప్పుకుని దీన్ని చూపించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ 1973లో నోబెల్ పంచుకున్నారు. అయితే కాలువ కనబడగానే పిల్లలు నీళ్లలోకి దిగిపోతాయి, కోడి గట్టు మీద అరుస్తూ అటూ ఇటూ పరుగెడుతుంది. ఆ ఈత మటుకు ఎవరూ నేర్పింది కాదు. అమెరికా శాస్త్రవేత్త గిల్బర్ట్ గాట్లీబ్ ఇంకా లోతుకు వెళ్లారు: గుడ్డులో ఉండగా తన గొంతు తాను వినని బాతుపిల్ల, పుట్టాక తల్లి పిలుపును సరిగా పోల్చుకోలేకపోయింది.

అపోహ: పామంటే భయం మనిషి రక్తంలోనే ఉంది.

వాస్తవం: ల్యాబ్‌లో పెరిగిన కోతులకు పామంటే భయం లేదు. వేరే కోతి పామును చూసి బెదరడం చూశాకే వచ్చిందని అమెరికా మనస్తత్వవేత్త సూసన్ మినేకా 1980లలో చూపించారు. అదే బెదురును పూలను చూసి పడినట్టు వీడియోలో చూపిస్తే అవి నేర్చుకోలేదు. అంటే పుట్టుకతో ఉన్నది పాము భయాన్ని ఇట్టే పట్టేసే గుణం. కోతల రోజుల్లో విషం లేని నీరుకట్టు పామును కూడా గట్టు మీద కొట్టి చంపుతుంటాం. పక్కనే పిల్లలు నిలబడి చూస్తుంటారు.