ఊఫర్ పెద్దదైనా పైచేయి గదిదే

బాస్ (పాటలోని లోతైన, కింది స్వరాలు) చాలట్లేదు అనిపించగానే చాలామంది ఇంకా పెద్ద ఊఫర్ కోసం, అంటే ఆ స్వరాలను మోగించే స్పీకర్ కోసం వెతుకుతారు. పెద్ద కోన్ (ముందుకూ వెనక్కూ కదిలి గాలిని నెట్టే గరాటు) వల్ల లాభం ఉన్నమాట నిజమే, అయితే అది కొంతమేరకే.

కోన్ వైశాల్యాన్ని అది కదిలే దూరంతో గుణిస్తే ఎంత గాలిని నెడుతుందో తెలుస్తుంది. స్వరం ఒక స్థాయి కిందికి దిగి పౌనఃపున్యం సగమైతే, అంతే గట్టిగా వినిపించడానికి కదలిక నాలుగింతలు కావాలి. 80 హెర్ట్జ్ దగ్గర 1.5 మి.మీ. కదిలే కోన్, 40 దగ్గర 6 మి.మీ., 20 దగ్గర 24 మి.మీ. కదలాలి. 5 అంగుళాల ఊఫర్‌లో కోన్‌ను కదిపే తీగచుట్ట (వాయిస్ కాయిల్) అంతకు చాలా ముందే అయస్కాంత క్షేత్రం దాటిపోతుంది, శబ్దం చెదిరిపోతుంది. 12 అంగుళాల కోన్ వైశాల్యం దానికి అయిదు రెట్లకు పైనే కాబట్టి, 6 మి.మీ. చేసే పనిని ఒక మి.మీ. చిల్లరతోనే కానిచ్చేస్తుంది. కానీ 1,400 హెర్ట్జ్ దాటాక తరంగదైర్ఘ్యం ఆ కోన్ వ్యాసం కన్నా చిన్నదై, శబ్దం సూటిగా ముందుకే పోతుంది. పక్కన కూర్చున్నవారికి మాటలు మొద్దుగా వినిపిస్తాయి. పై స్వరాలను పలికించే ట్వీటర్‌ను అంగుళం దగ్గరే ఆపేది ఇందుకే.

ఇక గది. 5 మీటర్ల పొడవుంటే 34 హెర్ట్జ్ తరంగం రెండు గోడల మధ్య నిలిచిపోతుంది (దీన్నే నిలువ తరంగం అంటారు): గోడల దగ్గర హోరు, సరిగ్గా మధ్యలో దాదాపు ఏమీ ఉండదు. ఆ మధ్యలో కుర్చీ వేసుకుంటే 18 అంగుళాల ఊఫర్ తెచ్చినా ఆ స్వరం దక్కదు. స్పీకర్ వెనక గోడకు మీటరు దూరంలో ఉంటే ఇంకో చిక్కు. గోడను తాకి వచ్చిన శబ్దం 86 హెర్ట్జ్ దగ్గర ఎదురు తిరిగి నేరు శబ్దాన్ని తినేస్తుంది. స్వరాల స్థాయిలను సవరించే ఈక్వలైజర్‌లో ఆ స్వరాన్ని పెంచితే తిరిగొచ్చేదీ అంతే పెరుగుతుంది. గుంత పూడదు, యాంప్లిఫయర్‌కు మాత్రం భారం.

కాబట్టి ముందు చోటు మార్చి చూడాలి. సబ్ ఊఫర్‌ను (బాస్ కోసమే విడిగా పెట్టే స్పీకర్ పెట్టెను) మీరు కూర్చునే కుర్చీలోనే పెట్టి, 30 నుంచి 100 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెరిగే స్వరం మోగించండి. గోడల వెంట వంగి, చెవి నేలకు దగ్గరగా పెట్టి వింటూ నడవండి. అన్ని స్వరాలూ దాదాపు సమానంగా వినిపించిన చోటే సబ్ ఊఫర్ పెట్టండి. మూలన పెడితే బాస్ గట్టిగా వస్తుంది కానీ గదిలోని ప్రతి నిలువ తరంగాన్నీ రెచ్చగొడుతుంది.

గోడకు 5 సెం.మీ. ఫోమ్ అంటిస్తే చప్పట్ల ప్రతిధ్వని తగ్గుతుందే తప్ప, 7 మీటర్ల తరంగం దాన్ని లెక్కచేయదు. రెండో సబ్ ఊఫర్‌కు వీలుంటే ఎదురెదురు గోడల్లో ఒక్కో గోడ నడిమధ్యన ఒక్కొక్కటి పెట్టండి. ఆ రెండు గోడల మధ్య ఏర్పడే మొదటి నిలువ తరంగాన్ని రెండూ వ్యతిరేకంగా నెట్టి అణచేస్తాయి.