చల్లటి నువ్వుల నూడుల్స్: సాస్ విరగలేదు, పారబోయకండి

మొన్న ఆదివారం నా దగ్గర వంట నేర్చుకున్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు. "మేడమ్, సాస్ విరిగిపోయింది. పేస్ట్ అంతా గడ్డకట్టింది. గంటలో చుట్టాలు వస్తారు." ఈ మాట నాకు నెలకి మూడు నాలుగు సార్లు వినిపిస్తుంది. అందుకే రాస్తున్నాను.

అపోహ: నీళ్లు తగిలితే నువ్వుల పేస్ట్ విరిగిపోతుంది, ఇక పనికిరాదు.

వాస్తవం: విరగలేదు. నీళ్లు చాలలేదు.

పేస్ట్ అంటే నువ్వుల నూనెలో కలిసి ఉన్న మెత్తటి నువ్వుల పిండి. ఒక చెంచా నీళ్లు పడగానే ఆ పిండి తడిసి, రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. గట్టి ముద్దవుతుంది. ఇది చూసి చాలామంది టెన్షన్‌లో నూనె పోస్తారు. అసలు నష్టం అక్కడే. ముద్ద విడదు, జిడ్డు మాత్రం పెరుగుతుంది.

నూనె సీసా పక్కన పెట్టండి. గోరువెచ్చని నీళ్లు చెంచా చెంచాగా పోస్తూ గట్టిగా తిప్పండి. మూడు పెద్ద చెంచాల పేస్ట్‌కి నాలుగైదు చెంచాల నీళ్లు పడతాయి. మూడో చెంచా దాకా ఇంకా పాడైనట్టే ఉంటుంది, ఆగకండి. తర్వాత రంగు తేలిపోయి వెన్నలా జారుతుంది. అప్పుడు సోయా సాస్, నల్ల వెనిగర్, కొంచెం పంచదార, దంచిన వెల్లుల్లి, చివర్లో మిరప నూనె. దోసెల పిండి కన్నా కాస్త పల్చగా ఉంచండి, నూడుల్స్ తడి పీల్చుకుంటాయి.

హోటల్లో చేరిన కొత్తలో నేనూ అరకిలో పేస్ట్ చెత్తబుట్టలో వేశాను. చీవాట్లు పడ్డాయి. ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు ఒక పెద్దాయన నా గిన్నెలో గరిటెడు నీళ్లు పోసి తిప్పి చూపించారు. నాకు ముందురోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఆ అమ్మాయిని ఫోన్ పెట్టేయనివ్వకుండా నీళ్లు పోయించాను. అయిదో చెంచాకి కుదిరింది.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

"మన గానుగ నువ్వుల నూనె చాలు." చాలదు. అది పచ్చి నువ్వులది. చైనా వంటలో వాసన కోసం చివర్లో వేసేది బాగా వేయించిన నువ్వుల నూనె. ఒక చెంచా మించితే చేదు. తాహీనీతోనూ (అరబ్బు వంటల్లో వాడే నువ్వుల పేస్ట్) ఇదే ఇబ్బంది, నువ్వులు అంతగా వేగి ఉండవు. పేస్ట్ దొరక్కపోతే చిమ్మిలికి వేయించినట్టు నువ్వులు దోరగా వేయించి, చల్లార్చి, మిక్సీలో నూనె ఊరేదాకా తిప్పండి. కమ్మగా ఉంటుంది.

"నూడుల్స్ చన్నీళ్లలో కడగకపోతే అతుక్కుంటాయి." చైనాలోని చెంగ్డూ నగరంలో కడగరు. నీళ్లు వార్చి, నూనె పట్టించి, వెడల్పుగా పరిచి విసనకర్రతో ఆరబెడతారు. ఇంట్లో కడిగినా తప్పులేదు కానీ చుక్క నీరు లేకుండా వార్చండి. తడి మిగిలితే సాస్ నూడుల్స్‌ని పట్టదు, గిన్నె అడుగుకి జారిపోతుంది.

"అజినమోటో లేకుండా ఆ రుచి రాదు, వేస్తే జబ్బు." రెండూ తప్పే. 1968లో అమెరికాలో ఒక డాక్టరు వైద్య పత్రికకు రాసిన ఉత్తరంతో ఈ భయం మొదలైంది. అందులో ఆయన సోయా సాస్‌నీ, వంట వైన్‌నీ, ఉప్పునీ కూడా అనుమానించారు. పుకారు మాత్రం అజినమోటో ఒక్కదాన్నే పట్టుకుంది. ఈ వంటకి అది అక్కర్లేదు, సోయా సాస్‌లోనే ఆ రుచి ఉంది. నిజంగా అడగాల్సింది వేరే ఉంది: వచ్చేవాళ్లలో నువ్వులు, వేరుశనగ పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? అది మాత్రం తప్పకుండా అడగండి.

"ముందురోజే కలిపి ఫ్రిజ్‌లో పెడితే ఇంకా బాగుంటాయి." ఉండవు. నూడుల్స్ బిరుసెక్కుతాయి. వాటిని తినే పూటే ఉడికించి, సాస్ ఒక్కటే ముందు చేసుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసేసరికి అది మళ్లీ గట్టిపడి ఉంటుంది. ఒక చెంచా వేడినీళ్లు పోసి తిప్పండి.