ఇంజన్ వేడెక్కుతోందా? రబ్బరు ఇంపెల్లర్ గురించి అపోహలు - వాస్తవాలు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్ల పని చేస్తాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులూ బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి మాకు ఊపిరాడనంత పని. నిషేధం ముగిసి బోట్లు బయల్దేరిన మొదటి వారంలోనే ఫోన్లు మొదలవుతాయి, ఇంజన్ వేడెక్కిపోతోందని. విప్పి చూస్తే చాలాసార్లు కారణం అరచేతిలో పట్టే రబ్బరు చక్రమే.

ముందు ఇది చేసే పని చెప్తాను. ఇంజన్ లోపల తిరిగేది కూలెంట్. దాని వేడిని హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో లాక్కునేది సముద్రపు నీరు. ఆ నీటిని లోపలికి లాగేదే ఈ రబ్బరు ఇంపెల్లర్. పంపు గదిలో ఒక పక్క గోడ ఉబ్బెత్తుగా ఉంటుంది, రెక్కలు అక్కడికొచ్చేసరికి వంగి, దాటగానే మళ్లీ నిటారుగా లేస్తాయి. లేచినప్పుడు రెక్కల మధ్య జాగా పెరిగి నీటిని పీలుస్తుంది, వంగినప్పుడు బయటికి నెడుతుంది. పంపు నిమిషానికి 1500 చుట్లు తిరిగితే ఒక్కో రెక్క గంటలో 90,000 సార్లు వంగి లేచినట్టు. ఇక రబ్బరు ఎంతకాలం ఆగుతుందో మీరే ఆలోచించండి.

అపోహ: టెంపరేచర్ మీటర్ మామూలుగానే ఉంది, పంపుకి ఏమీ కాలేదు.

మీటరు చూపించేది కూలెంట్ వేడి. సముద్రపు నీరు ఆగిపోయిన సంగతి దానికి ఆలస్యంగా తెలుస్తుంది. పొగగొట్టంలోకి నీరు వదిలే రకం ఇంజన్లలో అయితే మీటరు ముల్లు కదిలేలోపే అక్కడి రబ్బరు హోసు కాలిపోవచ్చు. కూలెంట్ బాగా తగ్గిపోయి సెన్సార్ ఖాళీలో ఉన్నా ముల్లు కిందే ఉంటుంది. అందుకే స్టార్ట్ చేయగానే వెనక్కి వెళ్లి నీళ్లు పడుతున్నాయో లేదో కళ్లతో చూడండి. ధార నిన్నటికంటే సన్నబడినా అనుమానించాల్సిందే.

అపోహ: రెక్క విరిగింది, కొత్త ఇంపెల్లర్ వేస్తే పని అయిపోయినట్టే.

ఈ ఒక్కటి మాత్రం దయచేసి శ్రద్ధగా చదవండి. విరిగిన ముక్క ఎక్కడికి పోయింది? పంపులో లేదంటే నీటితో పాటు ముందుకే పోయి ఉంటుంది. ఒక బోటుకి ఎవరో కొత్త ఇంపెల్లర్ వేసి పంపేశారు, మూడో రోజుకే మళ్లీ వేడెక్కింది, ఐసూ డీజిలూ దండగైపోయి వేట మధ్యలోనే వెనక్కొచ్చారు. నేను హీట్ ఎక్స్‌ఛేంజర్ మూత విప్పి టార్చి వేసి చూస్తే, సన్నటి గొట్టాల మూతుల దగ్గర రెండు రబ్బరు ముక్కలు అడ్డంగా పడి ఉన్నాయి, వాటికి నాచూ, తుప్పు పట్టకుండా లోపల పెట్టే జింకు కడ్డీ తునకలూ పట్టుకుని దాదాపు సగం గొట్టాలు మూసుకుపోయాయి. కళాసీల కూలి కూడా రాలేదు ఆ ట్రిప్పులో, అది తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. అందుకే పాత ఇంపెల్లర్‌ని గుడ్డ మీద పెట్టి, పగిలిన కుండ పెంకులు అతికించి చూసినట్టు, దొరికిన ముక్కలన్నీ ఎక్కడివక్కడ పేర్చి చూస్తాను. ఒక్క ముక్క తగ్గినా పైపులు ఒక్కొక్కటే విప్పుకుంటూ ఎక్స్‌ఛేంజర్ దాకా వెళ్లాల్సిందే.

అపోహ: వేట లేని రెండు నెలలూ ఇంజన్ తిరగలేదు, రబ్బరు అరిగే ప్రశ్నే లేదు.

అరగదు, నిజమే. కానీ ఉబ్బు దగ్గర ఆగిన రెక్కలు రెండు నెలలు వంగినట్టే ఉండి, ఆ వంపు వాటికి శాశ్వతమైపోతుంది. పైకి కొత్తదానిలానే కనిపిస్తుంది, వేలితో నొక్కితే మాత్రం రెక్క వెనక్కి లేవదు, రెక్క మొదలు దగ్గర సన్నటి పగుళ్లు తేలతాయి. నిషేధం మొదలవగానే తీసేసి నీడలో దాచండి. తీశాక "ఇంపెల్లర్ లేదు" అని అట్ట ముక్క మీద రాసి స్టార్టర్ స్విచ్‌కి కట్టడం మర్చిపోవద్దు.

అపోహ: ఒడ్డు మీద ఒక్క నిమిషం ఆడిస్తే ఏం కాదు.

ఆ రబ్బరుకి నీళ్లే నూనె లాంటివి. పొడిగా తిరిగితే నిమిషంలోపే రెక్కల అంచులు కాలిపోవచ్చు. తప్పదనుకుంటే నీళ్ల డ్రమ్ములోకి సక్షన్ హోసు దించి ఆడించండి.

గ్రీజు రాసి ఎక్కించడం మా దగ్గర పాత అలవాటు. మామూలు పెట్రోలియం గ్రీజుకి నియోప్రీన్ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, గ్లిజరిన్ గానీ గిన్నెలు తోమే లిక్విడ్ గానీ చాలు. అలాగే స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించడం కూడా వద్దు, కంచు గదికి గీత పడితే అక్కడినుంచి గాలి లాగుతుంది, ఇంపెల్లర్‌ని బయటికి లాగే పుల్లర్ అనే పనిముట్టు వాడండి. సముద్రపు నీరు లోపలికొచ్చే కింది వాల్వు మూశాకే పంపు మూత విప్పాలని వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాను. ఇక రెక్కలు తప్పు దిక్కుకి వంగితే విరిగిపోతాయని టెన్షన్ పడతారు గానీ, స్టార్ట్ కాగానే మామూలుగా అవే సర్దుకుంటాయి. తిరిగే దిక్కుకి తగ్గట్టు వంచి ఎక్కిస్తే ఇంకా మంచిది.

అపోహ: థర్మోస్టాట్ తీసేస్తే వేడి తగ్గుతుంది.

థర్మోస్టాట్ అంటే వేడిని బట్టి తెరుచుకుని మూసుకునే వాల్వు, అది ఉన్నది కూలెంట్ దారిలో. రాని సముద్రపు నీటిని అది ఎలా రప్పిస్తుంది? కొన్ని ఇంజన్లలో అది తీసేస్తే కూలెంట్ చల్లబడే దారిలో వెళ్లకుండా పక్కదారిలో తిరిగి వేడి ఇంకా పెరుగుతుంది.

అపోహ: పంపు అడుగున చిన్న రంధ్రం కారుతోంది, ఎంసీల్ పెట్టేస్తే సరి.

నీటి సీలుకీ ఆయిల్ సీలుకీ మధ్య ఆ రంధ్రం కావాలనే పెట్టారు. నీటి సీలు పోయిందని మనకి ముందే చెప్పడానికి అది. దాన్ని మూస్తే, గేరుతో తిరిగే పంపుల్లో ఆ ఉప్పునీరు ఆయిల్ సీలు దాటి ఇంజన్‌లోకి పోతుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మజ్జిగలా తెల్లగా కనిపించిన ఇంజన్లు చూశాను, ఆ ఖర్చు ముందు సీలు ఖరీదు ఏపాటిది?

బోటులో స్పేర్ ఇంపెల్లర్‌తో పాటు గ్యాస్కెట్, నాలుగు మూత స్క్రూలు కూడా పెట్టుకోండి, ఊగే బోటులో స్క్రూ చేయి జారి అడుగుకి పోతే వెతకలేరు. గ్యాస్కెట్ అదే మందం ఉండాలి, అట్ట కోసి మందంగా వేస్తే మూతకీ రెక్కలకీ మధ్య సందు పెరిగి నీరు లాగదు. బిగించాక వాల్వు తెరిచారో లేదో చూసి స్టార్ట్ చేయండి. అర నిమిషంలో వెనక నీళ్లు పడకపోతే వెంటనే ఆపేయండి.