వెంట్రుక కన్నా సన్నని సందు

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా వైపు మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటడం మామూలే. ఏసీ లేని గదిలో కంప్యూటర్ క్యాబినెట్ లోపలి గాలి అంతకన్నా వేడిగా ఉంటుంది. ఫ్యానూ, వేడిని లాగి గాలికి వదిలే రెక్కల లోహపు దిమ్మె అయిన హీట్‌సింకూ ఎంత మంచివైనా ప్రాసెసర్‌ని ఆ గాలి కన్నా చల్లబరచలేవు. గాలి మీద అది ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నంత వరకే వాటి అధికారం. 25 డిగ్రీల గదిలో 80 దగ్గర ఆగే ప్రాసెసర్, ఇక్కడి ఎండల్లో అదే పెళ్లి వీడియో రెండర్ చేస్తూ 100 అంచుకు చేరుతుంది. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 100 దగ్గర, ఏఎండీ వారి రైజెన్ 7000 వరసవి 95 దగ్గర వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. కాబట్టి ఈ ప్రాంతంలో నాలుగు డిగ్రీలు దక్కినా పని నడుస్తుందా, నత్తనడక నడుస్తుందా అన్నది తేలిపోతుంది. ఆ డిగ్రీలు ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య సందులో ఎలా దొరుకుతాయో చూద్దాం.

బొగ్గు గనుల ఊళ్లలో ముందుగా చూడాల్సింది హీట్‌సింక్ రెక్కల మధ్య. అక్కడ నల్లటి దుమ్ము చాపలా అట్టకట్టి ఉంటే మిగతా కష్టమంతా దండగ. బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. లేకపోతే అది మితిమీరిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

ఇక అసలు సంగతి. ప్రాసెసర్ పైన మెరిసే మూత నికెల్ పూత వేసిన రాగి. దాని మీద కూర్చునే హీట్‌సింక్ అడుగు కూడా రాగో అల్యూమినియమో. కంటికి రెండూ నున్నగానే కనిపిస్తాయి గానీ, ఒకదాని మీద ఒకటి పెడితే అక్కడక్కడ ఎత్తుల మీద మాత్రమే తగులుతాయి. మిగతాదంతా గాలి. ఉష్ణవాహకత, అంటే వేడిని పారనిచ్చే గుణం, రాగికి సుమారు 400, గాలికి 0.026 వాట్/మీటర్-కెల్విన్. ఒక లెక్క వేద్దాం. మూత 3 సెంటీమీటర్ల చదరం, దాని గుండా 100 వాట్ల వేడి సమంగా వెళ్లాలి, మధ్యలో 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) గాలి పొర ఉంది. ఆ పొర ఒక్కటే సుమారు 85 డిగ్రీల తేడా తెచ్చిపెడుతుంది. అదే సందును వాహకత 5 ఉన్న థర్మల్ పేస్టు (ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య రాసే ముద్ద) నింపితే తేడా అర డిగ్రీకి లోపే. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇదంతా అందులో మూడో వంతు కూడా లేని సందులో జరిగే వ్యవహారం.

అలాగని పేస్టు రాగికి సాటి కాదు. అది గాలి కన్నా నయం, లోహం కన్నా చాలా హీనం. కనుక సందు నిండాలి, కానీ పేస్టు పొర వీలైనంత పలచగా ఉండాలి. మూత మధ్యలో పల్లంగా ఉంటే సరిగ్గా అక్కడే పొర మందమవుతుంది. చాలా ప్రాసెసర్లలో వేడి పుట్టే చిప్ ఉండేది కూడా ఆ మధ్య దరిదాపుల్లోనే, అది రూపాయి బిళ్లలో సగం కూడా ఉండదు. మూతనో అడుగునో రుద్ది చదును చెయ్యడం, అంటే ల్యాపింగ్, పనికొచ్చేది ఈ పల్లానికే.

పల్లం ఉందో లేదో చూడకుండా రుద్దడం మొదలెట్టకండి. కొత్త బ్లేడు అంచును మూత మీద నిలబెట్టి వెలుగుకు ఎదురుగా చూడండి. నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు. కొన్ని మైక్రాన్ల సందు ఉన్నా వెలుగు గీత కనిపిస్తుంది. హీట్‌సింక్ అడుగునూ అలాగే చూడాలి. కొన్ని కంపెనీలు అడుగును కావాలనే కాస్త ఉబ్బెత్తుగా చేస్తాయి, మధ్యలో ఒత్తిడి ఎక్కువ పడాలని. దాన్ని చదును చేస్తే చెడగొట్టినట్టే.

రెండూ వంకరగా ఉంటే ముందు హీట్‌సింక్‌ని రుద్దండి. పొరపాటు జరిగినా పోయేది అదే. అయితే హీట్ పైపులు (వేడిని మోసే మూసిన రాగి గొట్టాలు) నేరుగా ప్రాసెసర్‌ని తాకేలా అడుగున బయటపడి ఉన్న రకాన్ని ముట్టుకోకండి. ఆ గొట్టాల గోడలు పలచన. చిల్లు పడితే లోపలి శూన్యం పోయి హీట్ పైప్ ఉత్త రాగి గొట్టం అవుతుంది. ప్రాసెసర్ మూత రుద్దితే దాని మీది ముద్రణ చెరిగిపోతుంది, వారంటీ పోయినట్టే.

కావలసిన సరుకు తక్కువే. 6 మిల్లీమీటర్లు అంతకు మించిన మందం గాజు పలక, నీళ్లతో వాడే ఉప్పుకాగితం 400, 800, 1000, 1500 నంబర్లు. కార్లకు రంగు వేసేవాళ్ల దగ్గర వాటర్ పేపర్ అంటారు, ఇక్కడి హార్డ్‌వేర్ షాపుల్లో పాలిష్ పేపర్ అని అడగండి. కాగితాన్ని గాజుకు టేపుతో బిగువుగా అంటించి, నీళ్లలో గిన్నెల సబ్బు చుక్క కలిపి తడపండి. మూత మీద మార్కర్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీయండి. పది సార్లు తిన్నగా రుద్ది, 90 డిగ్రీలు తిప్పి మళ్లీ పది. చేతి బరువు చాలు. నొక్కితే ముందు అంచు ఎక్కువ అరిగి గుండ్రమవుతుంది, చాలామంది పని చెడేది ఇక్కడే. మార్కర్ గీతలు అంచుల్లో పోయి మధ్యలో మిగిలాయంటే మధ్య పల్లం. రాగి ఎరుపు ముందు మూలల్లో తొంగిచూసి, మెల్లగా లోపలికి పాకి, మధ్యలోని వెండి మచ్చను మింగేస్తుంది. ఆ మచ్చ పోయేదాకా 400 మీదే ఉండండి, పై నంబర్లు గీతలు సన్నబరచడానికే. అద్దంలా మెరవాలని 3000 దాకా పోనక్కర్లేదు. మెరుపు వేరు, చదును వేరు. ప్రాసెసర్ అడుగు భాగాన్ని, అంచులను టేపుతో మూసి తడి తగలకుండా చూడండి. రాగి పొడిలో కరెంటు పారుతుంది, సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) దగ్గరికి రానివ్వకండి.

మూత నిజంగా పల్లమైతే దీనితో నాలుగైదు డిగ్రీలు దక్కవచ్చు. చదునైనదాన్ని రుద్దితే ఒకటి కూడా అనుమానమే. ఇంటెల్ వారి ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో ప్రాసెసర్‌ని పట్టి ఉంచే లాక్ నడుమ మీద నొక్కి మూతను వంచుతుంది. దానికి ఆ లాక్ బదులు మూత అంచులను సమంగా నొక్కే కాంటాక్ట్ ఫ్రేమ్ పెట్టడమే మందు, ఉప్పుకాగితం కాదు.

ఎక్కువ మందికి పాత పేస్టు తీసి కొత్తది పెట్టడమే సరిపోతుంది. ఏఎం4 సాకెట్ రకం (పిన్నులు ప్రాసెసర్‌కే ఉండేది) రైజెన్ అయితే పీసీని పది నిమిషాలు బాగా పని చేయించి, ఆపి, హీట్‌సింక్‌ని అటూ ఇటూ మెలితిప్పి తియ్యండి. చల్లగా ఉన్నప్పుడు తిన్నగా పైకి లాగితే గట్టిపడిన పేస్టు ప్రాసెసర్‌ని కూడా ఊడబెరుకుతుంది, పిన్నులు వంగుతాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూలు రాలని గుడ్డ తడిపి రెండుసార్లు తుడవండి. మధ్యలో బఠానీ గింజంత పేస్టు, పెద్ద మూతైతే ఎక్స్ ఆకారంలో గీత. స్క్రూలు ఎదురెదురుగా సగం సగం చుట్టు బిగించండి. ఆంప్లిఫయర్లకు రాసే తెల్ల పేస్టు వాహకత సాధారణంగా ఒకటి దరిదాపుల్లోనే, ప్రాసెసర్‌కి అది చాలదు. గాలియంతో చేసే ద్రవ లోహం అల్యూమినియాన్ని తినేస్తుంది, రాగి అడుగు కాకపోతే దాని జోలికి పోవద్దు.

వేడెక్కి చల్లారే ప్రతిసారీ లోహాలు వంగి పేస్టును కొద్దికొద్దిగా బయటికి నెడతాయి. పగలు కాలి రాత్రి ఆగే మన పీసీల్లో ఈ బాధ ఉండనే ఉంటుంది. దీన్ని తట్టుకునేది పేస్టు బదులు పెట్టే పీటీఎం 7950 లాంటి షీటు. 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందుల్లోకి పారుతుంది. మే నెలలో అంటించేటట్టయితే ముందు పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే పై పొర ఒలిచేటప్పుడు చిరిగిపోతుంది.

ముందూ తర్వాతా కొలిచేటప్పుడు గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి, అదే లోడుతో అరగంట నడిపి, ప్రాసెసర్ అంకె నుంచి గది అంకె తీసేయండి. డిసెంబర్‌లో 70 చూసి మురిసిపోయిన పేస్టే మేలో 90 చూపిస్తే తప్పు దానిది కాకపోవచ్చు, గది అంకె తీసేశాక మిగిలే తేడా రెండుసార్లూ దాదాపు ఒకటే అయితే ముట్టుకోవలసిన పని లేదు.