పవర్ గ్రిడ్‌పై సైబర్ దాడులు: అపోహలు - వాస్తవాలు

గ్రిడ్ సెక్యూరిటీ పనిలో ఉన్నవాళ్లకు కొన్ని మాటలు పదే పదే వినిపిస్తుంటాయి. అన్నిటికంటే ప్రమాదకరమైనదాంతో మొదలుపెడతాను.

అపోహ: మా స్కాడాకి (సబ్‌స్టేషన్లను దూరం నుంచి చూస్తూ నడిపే కంప్యూటర్ వ్యవస్థ) ఇంటర్నెట్ లేదు, మాకేం భయం లేదు.

వాస్తవం: ఇంటర్నెట్ లేకపోయినా దారులు ఉంటాయి. రిపేరుకి వచ్చినవాళ్ల ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్, ఆఫీసు నుంచి లాగిన్ అవడానికి పెట్టుకున్న వీపీఎన్ (దూరం నుంచి నెట్‌వర్క్‌లోకి వచ్చే రహస్య దారి). 2015లో ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల మీద దాడి జరిగింది. నెలల ముందే అక్కడి ఉద్యోగులకు ఈమెయిల్‌లో ఫైళ్లు పంపారు. వాటిని తెరిచి మాక్రోలు (ఫైల్ లోపల ఉండే చిన్న ప్రోగ్రామ్‌లు) ఆన్ చేయడంతో హ్యాకర్లు లోపలికి వచ్చి, పాస్‌వర్డ్‌లు కాజేసి, నెమ్మదిగా కంట్రోల్ సిస్టమ్ దాకా చేరారు. డిసెంబర్ 23న ఆపరేటర్ల కళ్లెదుటే మౌస్ కర్సర్ దానంతటదే కదులుతూ బ్రేకర్లు (లైన్లో కరెంటును ఆపే పెద్ద స్విచ్‌లు) ఓపెన్ చేసుకుంటూ పోయింది. దాదాపు 2,25,000 కనెక్షన్లకు కరెంటు పోయింది.

అపోహ: ఎప్పటికప్పుడు ప్యాచ్‌లు (సాఫ్ట్‌వేర్ లోపాలను సరిచేసే అప్‌డేట్లు) వేస్తే చాలు.

వాస్తవం: ప్యాచ్‌లు అవసరమే. కానీ లైన్‌ని కాపాడుతున్న రిలేని (లైన్లో తేడా వస్తే బ్రేకర్‌ను తెరిపించే పరికరం) ఆఫీసు కంప్యూటర్‌లా ఇష్టమొచ్చినప్పుడు రీస్టార్ట్ చేయలేం, దానికి షట్‌డౌన్ (లైన్ ఆపడానికి అనుమతి) దొరకాలి. అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది. 1979 నాటి మోడ్‌బస్ లాంటి ప్రోటోకాల్స్ (పరికరాలు మాట్లాడుకునే భాషలు) ఆదేశం ఎవరు పంపారని అడగవు. 2016లో కీవ్ దగ్గరి సబ్‌స్టేషన్‌ని ఆపేసిన ఇండస్ట్రోయర్ అనే మాల్‌వేర్ ఆ పరికరాల భాషలోనే బ్రేకర్లకు ఆదేశాలిచ్చింది. ప్యాచ్ వేయడానికి అక్కడ బగ్గంటూ ఉంటే కదా! అందుకే ఏ కంప్యూటర్ ఏ పరికరానికి ఆదేశమివ్వచ్చో ముందే రాసిపెట్టి, మిగతావన్నీ ఫైర్‌వాల్‌లో (నెట్‌వర్క్ కాపలా గోడ) ఆపేయాలి. గ్రిడ్ ట్రాఫిక్ రోజూ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, కొత్త చోటు నుంచి ఒక్క ఆదేశం వచ్చినా ఇట్టే తెలిసిపోతుంది. ఈ అనుకూలత ఆఫీసు నెట్‌వర్క్‌లకు లేదు. మనం దాన్ని వాడుకోకపోవడమే నాకు బాధ.

అపోహ: ఒక్క బటన్ నొక్కితే దేశమంతా చీకటే.

వాస్తవం: కాదు. ఒక్కో సబ్‌స్టేషన్‌లో ఒక్కో రకం పరికరాలుంటాయి. వాటిని అర్థం చేసుకోవడానికే హ్యాకర్లకు నెలలు పడుతుంది. వాళ్లను పట్టుకోవడానికి మనకు దొరికే సమయం కూడా అదే.

అపోహ: కరెంటు వచ్చేసిందంటే దాడి ముగిసినట్టే.

వాస్తవం: 2015లో ఉక్రెయిన్ సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేత్తో క్లోజ్ చేశారు కాబట్టి కొన్ని గంటల్లోనే సప్లై వచ్చింది. కానీ కమ్యూనికేషన్ పరికరాల ఫర్మ్‌వేర్‌ను (పరికరం లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) హ్యాకర్లు పాడుచేసి వెళ్లడంతో, ఆ తర్వాత కూడా చాలాకాలం చేత్తోనే నడపాల్సి వచ్చింది. కాల్ సెంటర్‌నీ దొంగ కాల్స్‌తో ముంచెత్తారు.

కాబట్టి రిలే సెట్టింగుల కాపీ నెట్‌వర్క్‌కి బయట ఉండాలి. సింగిల్ లైన్ డయాగ్రామ్ (సబ్‌స్టేషన్‌లో ఏది దేనికి కలిసిందో చూపే పటం) కాగితం మీద ఉండాలి. స్కాడా పూర్తిగా ఆపేసి, రాత్రి షిఫ్ట్ వాళ్లతో కూడా డ్రిల్ చేయించాలి.